అగ్గిపెట్టెలో ట్రాన్సిస్టరు

కాకినాడ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. వాళ్లబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడట. ఏదో ప్రాజెక్టు కడుతున్నాడట. అందులోకి కావలసిన చిన్న సామాను ఒకటి ఊరంతా తిరిగినా దొరకడం లేదని పిల్లవాడు అన్నం మానేసి కూర్చుంటున్నాడట. "అక్కా, కందిగింజంత వస్తువు కోసం ఇల్లు నరకమైపోయింది. మీరేమో వంటలూ, పచ్చళ్లూ చెబుతారు. దీనికేమన్నా చిట్కా ఉందా?" అని అడిగింది.

నవ్వకండి. ఉంది. ఆ నరకం నేనూ చూశాను. ఈ వారం కందిపొడి గురించి రాద్దామనుకున్నదాన్ని, అది పక్కన పెట్టి ఈ కందిగింజ సంగతే చెబుతాను.

మా నాన్నగారు తెనాలిలో రేడియో మెకానిక్. రేడియో ఉన్నవాళ్లు పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు కట్టే రోజుల నుంచీ ఆయనకి అదే పని. అమ్మకి పెళ్లయిన కొత్తలో ఆయన స్వయంగా కట్టి ఇచ్చిన సెట్టొకటి మా ఇంట్లో ఉండేది. టేకు పెట్టె, ముందు గుడ్డ జాలీ, కుడిపక్కన ఇంత లావు మర. 4 పెద్ద బ్యాటరీ సెల్లులు వేస్తే ఆరేడు నెలలు పలికేది. నేను ఇంటర్లో ఎం.పి.సి. చదివేటప్పుడు సాయంత్రాలు కొట్లో కూర్చుని ఆయనకి సోల్డర్ తీగ అందించేదాన్ని. ఆ తరవాత పెళ్లి, పిల్లలు, పోపులడబ్బా. అవన్నీ మరిచిపోయాను.

2012లో నాన్న పోయారు. కొట్టు ఖాళీ చేయమన్నారు ఇంటివాళ్లు. డబ్బాల నిండా, సీసాల నిండా చిన్నా చితకా సామాను. దేనికేం పేరో మాకేం తెలుసు? అంతా రెండు గోతాల్లోకి ఎత్తి, పాత ఇనుము కొనేవాడికి కేజీల లెక్కన వేసేశాం. వేసింది నేనే. కాటా దగ్గర నిలబడి తూకం సరిగ్గా వేస్తున్నాడా లేదా అని చూసింది కూడా నేనే. సెట్టొక్కటీ అమ్మ దగ్గర ఉండిపోయింది.

2018లో అమ్మకి చూపు తగ్గిపోయింది. శుక్లాలు కాదు, రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నది అన్నారు డాక్టరుగారు. పక్కలకి కాస్త మసగ్గా తెలుస్తుంది గానీ ఎదురుగా ఉన్నది కనబడదు. మొహం చూసి మనిషిని పోల్చుకోలేదు. తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. టీవీ పనికిరాదు. సెల్‌ఫోనులో పాటలు పెట్టి ఇస్తే, చెయ్యి తగిలి అవి ఎటో పోయేవి. మావారు మంచి మనసుతో ఒక కొత్త రేడియో కొనుక్కొచ్చారు. ముద్దుగా ఉంది. కానీ అన్నీ బటన్లే, అన్నీ ఒకే సైజు, పైన మెరిసే అంకెలు. చూపు లేని మనిషికి ఆ అంకెలెందుకండీ?

"ఏమే అమ్మాయ్, మీ నాన్న పెట్టె పలకదా ఇంక?" అంది ఒకరోజు. ఆ మర ఎంత తిప్పితే విజయవాడ వస్తుందో అమ్మ వేళ్లకి తెలుసు. చూడక్కర్లేదు. నాకప్పుడు తట్టింది, అమ్మకి కావలసింది రేడియో కాదు, ఆ రేడియో అని.

తీసి సెల్లులు వేశాం. గరగరమంటూ ఒక గొంతు, అదీ ముక్కుతో మాట్లాడినట్టు. రెండు రోజులకి అదీ ఆగిపోయింది.

నాన్న దగ్గర పని నేర్చుకున్న బాబాయ్ ఒకాయన ఉన్నారు. పెద్దవారైపోయారు, చేతులు వణుకుతాయి. సెట్టు ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. వెనక అట్ట విప్పి, మీటరు పెట్టి చూసి, "అమ్మా, స్పీకరు వైపు జంటగా రెండు ఏసీ 128లు ఉంటాయి. అందులో ఒకటి పోయింది. ఇటు స్టేషన్లు పట్టే వైపు ఏఎఫ్ 117 మీద కూడా అనుమానంగా ఉంది. సామాను తెచ్చిపెట్టు, వేద్దాం" అన్నారు.

"కొట్లలో దొరకవా బాబాయ్?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మీ నాన్న దగ్గర హార్లిక్స్ సీసాడు ఉండేవమ్మా" అన్నారు.

నేను ఇంక తలెత్తలేదు.

వేట మొదలైంది. మా ఊళ్లో ఎలక్ట్రికల్ షాపులు నాలుగూ తిరిగాను. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడైతే నా కాగితం చూసి, "ఆంటీ, ఇది మ్యూజియంలో అడగండి" అన్నాడు. మా అబ్బాయి కంప్యూటర్లో వెతికి ఎవరో అమ్ముతున్నారని చెప్పాడు. 10 కలిపి 480 రూపాయలు. పోస్టులో వచ్చాయి. తళతళలాడుతున్నాయి, నంబరు ముత్యాల్లా అచ్చేసి ఉంది. పండగ చేసుకుంటూ బాబాయ్ దగ్గరికి పరిగెత్తాను.

ఆయన ఒకటి తీసి మీటరు మీద పెట్టారు. 650 అని చూపించింది. రెండోది, అంతే. పదీ అంతే.

"ఇవి ఏసీ 128లు కావమ్మా. వేరే సరుకు మీద ఈ నంబరు కొట్టారు."

ఎలా తెలిసిందో చెబుతాను, ఇది కాస్త జాగ్రత్తగా వినండి. పాతకాలం ట్రాన్సిస్టర్లు జర్మేనియం అనే పదార్థంతో చేసేవారు. బెంగుళూరులో మన భారత్ ఎలక్ట్రానిక్స్ వారూ ఒకప్పుడు చేశారు. తరవాత అందరూ సిలికాన్‌కి మారిపోయారు, ఎందుకంటే జర్మేనియం వేడికి తట్టుకోదు. మే నెలలో మనకి చెమట కారినట్టు దాంట్లోంచి కరెంటు కారుతుంది. ఇక తేడా ఎక్కడ తెలుస్తుందంటే, డిజిటల్ మీటరులో డయోడు గుర్తు దగ్గర పెట్టి కొలిస్తే జర్మేనియం 200కి అటూ ఇటూ చూపిస్తుంది. సిలికాన్ 600 నుంచి 700 చూపిస్తుంది. అవి మిల్లీవోల్టులు. పైన ఏ నంబరు రాసినా లోపలి సరుకు అబద్ధం చెప్పదు. నెయ్యి డబ్బా మీద ఏ బొమ్మ ఉంటేనేం, కాస్తే కదా తెలిసేది!

"పోనీ సిలికానే వేసేయొచ్చుగా?" అన్నాను. వేయొచ్చట, కానీ చుట్టూ ఉన్న రెసిస్టర్లు కొన్ని మార్చాలట. లేకపోతే ముక్కుతో మాట్లాడే గొంతు అలాగే ఉంటుందట. "మీ నాన్న లెక్కకట్టి వేసిన రెసిస్టర్లు. నేను ముట్టుకోలేనమ్మా" అన్నారు బాబాయ్. ఆ మాటకి నాకూ ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

480 పోయాయి. మావారు పైకి ఏమీ అనలేదు గానీ ఆ నెల పాలవాడి లెక్క రెండుసార్లు చూశారు.

2019 వేసవిలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి హైదరాబాదు వెళ్లాను. పోయిన ఏసీ 128ని ఊడదీయించి, అగ్గిపెట్టెలో దూది వేసి, హ్యాండు బ్యాగులో పెట్టుకున్నాను. అందరూ గాజుల కోసం చార్మినారు వెళుతుంటే నేను కోఠీ వెళతానన్నాను. మా ఆడపడుచు, "వదినా, పట్టుచీర కట్టుకుని గుజరాతీ గల్లీలో స్క్రూలు ఏరుకుంటావా?" అని ఒకటే నవ్వు.

కోఠీలో ఆ గుజరాతీ గల్లీ చూడాల్సిందే. చిన్న చిన్న కొట్లు, గోడల నిండా సొరుగులు, సొరుగుల నిండా సామాను. కుర్రాళ్లంతా లోపలికి దూరి చీటీలు అందిస్తుంటారు. మొదటి మూడు కొట్లలో "నై హై అమ్మా" అని చూడకుండానే పంపేశారు. నాలుగో కొట్లో ఒక ముసలాయన ఉన్నాడు. నా అగ్గిపెట్టె తెరిచి చూడగానే ఆయన మొహం మారిపోయింది. "అరె, ఇది నా పెళ్లప్పటి సామాను బెహన్‌జీ" అన్నాడు.

ఆయన ఒక మాట చెప్పాడు, నా మనసులో అతుక్కుపోయింది. "నంబరు అడిగితే లేదంటారు బెహన్‌జీ. దాని పని ఏమిటో చెప్పండి, దానికి బదులు ఏం పనిచేస్తుందో చెబుతారు."

నిజమే కదండీ! చింతపండు లేని రోజు మనం పప్పు మానేస్తామా? పులుపు కావాలి గనుక నిమ్మకాయ పిండుతాం, లేదా మామిడికాయ వేస్తాం. కానీ పులిహోరలో ఏది నప్పుతుందో, ఏది నప్పదో తెలియాలి. ట్రాన్సిస్టర్లకీ అలా బదులు పేర్ల పుస్తకం ఉంటుంది. ఏసీ 128కి బదులు ఏసీ 188 వాడొచ్చట. అయితే రెండు కలిసి పనిచేసే చోట ఒక్కటే మార్చకూడదు, జత జతే ఉండాలి. కాడికి ఒక కోడెనీ ఒక దూడనీ కడితే బండి నడవదు చూడండి, అలాగ.

ఆయన నిచ్చెన ఎక్కి వెతికి వెతికి, ఒకే ఒక్క ఏసీ 128 తీశాడు. నా ఎదురుగానే మీటరు పెట్టి 200కి కాస్త పైన చూపించి, 60 రూపాయలు తీసుకున్నాడు. "జోడీ కావాలంటే పాత రేడియో కొనండి. ఆదివారం ఎర్రగడ్డ వెళ్లండి" అన్నాడు.

వెళ్లాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరకని వస్తువుండదు. విరిగిన కుర్చీల దగ్గర్నుంచి పాత ఫ్యాన్ల దాకా నేల మీద పరిచి అమ్ముతారు. ఒకచోట నోరు తెరిచిన రేడియోలు మూడు కనబడ్డాయి. ఇక్కడ మాత్రం కోఠీ బుద్ధి పనికిరాదు, మన కూరగాయల బజారు బుద్ధే పనికొస్తుంది. ఏ రేడియో కావాలో మొహంలో కనిపించనివ్వకూడదు. స్క్రూ డ్రైవరు నా దగ్గరే ఉంది. మూడూ విప్పి చూశాను. ఒకదాంట్లో బ్యాటరీ కారి లోపలంతా పచ్చగా చిలుం పట్టింది. ఒకదాంట్లో ఎవరో నాకంటే ముందే ఏరుకుపోయారు. మూడోదాంట్లో రెండు ఏసీ 128లు, పక్కపక్కన, అక్కచెల్లెళ్లలా. పెట్టె పగిలిపోయి ఉంది గనుక 150 అన్నవాడు 100కి ఇచ్చాడు. 480 పోసి కొన్న పదికంటే 100 పెట్టి కొన్న చెత్తే ఎక్కువ విలువ చేసింది.

తెనాలి రాగానే బాబాయ్ ముందు అన్నీ పరిచాను. కోఠీ నుంచి తెచ్చినదీ, సెట్టులో మిగిలిన పాతదీ కలిపి జత కుదురుతుందేమోనని చూశారు. మీటరులో ఒకటి 70 చూపిస్తే ఇంకోటి 130 చూపించింది. కుదరలేదు. చెత్త రేడియోలోంచి తీసిన రెండూ మాత్రం దాదాపు సమానంగా వచ్చాయి. అవే వేద్దాం అన్నారు.

"మరి ఏఎఫ్ 117 ఎక్కడా దొరకలేదు బాబాయ్" అన్నాను భయపడుతూ.

ఆయన నవ్వి, "ఆ మాట నీకు ముందే చెప్పాల్సింది. ఇది ఊడదీసి చూడకుండానే నిన్ను తిప్పాను" అంటూ ఆ చిన్న డబ్బాని చూపించారు. దానికి మూడు కాదు, నాలుగు కాళ్లు. నాలుగోది పైన రేకు డబ్బాకి తగిలించినది. ఈ రకం ట్రాన్సిస్టర్లకి ఒక జబ్బుందట. ఏళ్లు గడిచేకొద్దీ డబ్బా లోపలి గోడల మీది తగరం నుంచి వెంట్రుకల్లాంటి మీసాలు మొలుస్తాయట. ఆ మీసం వెళ్లి లోపలి సరుకుకి తగిలితే ట్రాన్సిస్టరు మూగబోతుంది. వాడినా మొలుస్తాయి, వాడకపోయినా మొలుస్తాయి. చాలాసార్లు ఆ నాలుగో కాలు ఒక్కటి కత్తిరిస్తే చాలు, డబ్బాతో సంబంధం తెగి మళ్లీ పనిచేస్తుందట.

మీటరు పెట్టి చూశారు. డబ్బాకీ మిగతా కాళ్లకీ మధ్య తగులుడు ఉండనే ఉండకూడదు, ఉంది. కట్టరుతో టక్కున కత్తిరించారు. అంతే! నేను రాష్ట్రం దాటి వెతికిన వస్తువు సెట్టులోనే బతికి కూర్చుని ఉంది.

సోల్డరింగు మాత్రం నేనే చేశాను. ఆయన చేతులు వణుకుతాయని చెప్పాను కదా. "కాలిని పట్టుకారుతో పట్టుకో, వేడి పైకి పోకుండా పట్టుకారు తాగేస్తుంది. మూడంకెలు లెక్కపెట్టేలోగా ఐరన్ తీసెయ్" అని పక్కన కూర్చుని చెప్పారు. ఇరవై ఏళ్ల కిందట నాన్న పక్కన వచ్చిన ఆ పొగ వాసన మళ్లీ వచ్చింది. ఎండిపోయిన కండెన్సర్లు నాలుగు కూడా మార్చాం. అవి మా ఊళ్లోనే ఐదేసి రూపాయలకి దొరికాయి.

ఇంటికి తెచ్చి అమ్మ మంచం పక్కన పెట్టాను. మర మీద అమ్మ చెయ్యి వేశాను. తిప్పింది. గరగర, ఒక ఈల, మళ్లీ గరగర. కాస్త ఆగి ఒక్క వెంట్రుకవాసి తిప్పింది. 837 కిలోహెర్ట్జ్, విజయవాడ కేంద్రం, ఎవరో రైతులకి మిరపతోట గురించి చెబుతున్నారు. ఎంత స్పష్టంగా ఉందనుకున్నారు!

అమ్మ ఏమీ అనలేదు. మిరపతోటకి మందు కొట్టడం పూర్తయ్యేదాకా విన్నది. అప్పుడు, "కాస్త బొంగురుగా ఉంది, మీ నాన్నైతే ఇంకా బాగా చేసేవాడు" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ రాత్రి ధైర్యం చేసి చెప్పాను. "అమ్మా, ఆ రెండు గోతాలూ అమ్మకుండా ఉండాల్సింది. తప్పు చేశాను" అని.

"నువ్వెక్కడ అమ్మావే? నేనే అమ్మించాను. ఆ సీసాలు చూస్తూ ఉండలేక, తీసెయ్యమని నీ వెనకాల పడ్డాను. మరిచిపోయావా?" అంది.

మరిచిపోయాను. ఏడేళ్లుగా ఆ కాటా ఒక్కటే గుర్తుంది.

అప్పటి నుంచి ఇదే నాకు కాలక్షేపమైపోయింది. మధ్యాహ్నం పూట మూగబోయిన రేడియోలు ముందేసుకుంటాను. ఇప్పటికి ఆరు పలికించాను, రెండు చంపేశాను.

సరే, కాకినాడ చెల్లెలికీ, ఇంట్లో ఇలాంటి పిల్లలున్న తల్లులందరికీ నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవి ఇవి:

* వెతకబోయే ముందు ఆ సామాను నిజంగా పోయిందా లేదా అని కొలిపించండి. నా ఏఎఫ్ 117 సంగతి చూశారు కదా.

* పాతది పారేయకుండా అగ్గిపెట్టెలో వేసి వెంట తీసుకెళ్లండి. కాగితం మీద నంబరు, ఎన్ని కాళ్లు, అది ఏ పని చేస్తుందో రాసుకోండి. నంబరులో ఒక్క అక్షరం మారినా వేరే సరుకవుతుంది.

* "ఇది లేదు" అంటే వచ్చేయకండి. "దీనికి బదులు ఏం వాడొచ్చు?" అని అడగండి. కాళ్ల వరస కూడా అడిగి రాసుకోండి, బదులు సామానుకి వరస మారిపోవచ్చు.

* కండెన్సర్ల మీద పాతవాటికి ఎంఎఫ్‌డి అనీ, కొత్తవాటికి మైక్రో ఫారడ్ అనీ ఉంటుంది. రెండూ ఒకటే. వోల్టు అంకె పాతదానికంటే ఎక్కువ ఉన్నా ఫరవాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. చిన్న బిళ్ల కండెన్సరు మీద 104 అని ఉంటే 0.1, 103 అని ఉంటే 0.01 అని అర్థం.

* రెసిస్టరుకి అంకెలుండవు, రంగు గీతలుంటాయి. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. మొదటి రెండు గీతలు అంకెలు, మూడోది పక్కన పెట్టాల్సిన సున్నాలు. గోధుమ, నలుపు, ఎరుపు అంటే 1000 ఓములు. ముగ్గు చుక్కలు లెక్కపెట్టే మనకి ఇదొక లెక్కా!

* అరుదైన సామాను అతి చవగ్గా, అతి కొత్తగా, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతుంటే అనుమానించండి. ముందు ఒక్కటే కొని, కొలిచి, ఆ తరవాత మిగతావి కొనండి.

* కొత్తది దొరక్కపోతే, అదే సామాను ఉన్న చచ్చిపోయిన వస్తువు కొనండి. చాలాసార్లు అదే చవక.

* మద్రాసులో ఉన్నవాళ్లకి రిచీ స్ట్రీట్, బెంగుళూరులో ఎస్.పి. రోడ్, బొంబాయిలో లామింగ్టన్ రోడ్, ఢిల్లీలో ఎర్రకోట ఎదుట లజపత్‌రాయ్ మార్కెట్ ఉన్నాయి. ఆ ఊళ్లలో చుట్టాలుంటే చీటీ, ఫొటో పంపండి.

* సోల్డర్ తీగలో సీసం కలిసి ఉంటుంది. వంటగట్టు మీద చేయనివ్వకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోమనండి.

చివరగా ఒక్క మాట. ఇంట్లో ఎవరిదైనా పనిముట్ల పెట్టె గానీ, సీసాల సామాను గానీ తీసేయాల్సి వస్తే, తెలిసినవాళ్లకి ఒక్కసారి చూపించి ఆ తరవాత కాటా ఎక్కించండి. అమ్మద్దని నేననను. చూడలేక అమ్ముకునేవాళ్లూ ఉంటారు, అది తప్పు కాదు. కానీ ఒక్క హార్లిక్స్ సీసా దాచండి.

కాకినాడ చెల్లెలూ, మీవాడికి కావలసిన సామాను నంబరూ, అది చేసే పనీ రాసి పంపమను. నా చెత్త రేడియోల్లో ఉంటే అగ్గిపెట్టెలో పెట్టి పంపిస్తాను. ముందు వాడికి అన్నం పెట్టు.

వచ్చే వారం కందిపొడి, ఈసారి తప్పకుండా.